ఇమ్సిలమ్మ మర, దాని ముందు బల్ల

కాదండీ, మీరు చెప్పేది ఎత్తరుగుల మర. అది సందు మొదట్లో కుడిచేతి వైపు ఉండేది, ఇప్పుడూ ఉంది, పైన రేకులు మార్చారంతే. నేను చెప్పేది దానికి ఎదురుగా, మా దూదేకే కొట్టుకి ఆనుకుని ఉన్న మర. దానికి బోర్డు ఉండేది కాదు. గుమ్మం ముందు పొడుగాటి చెక్క బల్ల ఒకటి ఉండేది, అదే బోర్డు. జొంజు ఊళ్ళో, దక్షిణపు బజార్లో ఎవరినడిగినా "బల్ల మరా? అదిగో, తుమ్ములు వినబడుతున్నాయే, అక్కడ" అని చూపించేవాళ్ళు.

ఆ మర ఇమ్సిలమ్మది. అసలు పేరు సో జొమ్‌న్యే. పుట్టుమచ్చతో పుట్టిన ఆడపిల్లకి ఆ రోజుల్లో ఆ పేరు పెట్టేసి చేతులు దులుపుకునేవాళ్ళు. ఆవిడకి మచ్చ చెవి వెనకాల ఉండేది. కానీ బజార్లో ఎవరూ ఆవిణ్ణి ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. ఇమ్సిల్ నుంచి కాపురానికొచ్చింది కాబట్టి ఇమ్సిలమ్మ. మా అమ్మ గిమ్జె నుంచి వచ్చింది కాబట్టి గిమ్జెమ్మ. ఆడవాళ్ళ సొంత పేర్లు బడి వదిలాక ఎక్కడా పనికొచ్చేవి కావు.

మా సందు అప్పట్లో ఎలా ఉండేదంటే, పిల్లలం ఒక ఆట ఆడేవాళ్ళం. ఒకళ్ళ కళ్ళకి గుడ్డ కట్టి, గిరగిరా తిప్పి, చెయ్యి పట్టుకుని నడిపించి ఎక్కడో ఆపేవాళ్ళం. ఏ కొట్టు ముందున్నావో చెప్పాలి. ఎండు చేపల కొట్టు ఎవరైనా చెప్పేస్తారు. రబ్బరు చెప్పుల కొట్టు కూడా తేలికే. మొలకల కొట్టు దగ్గర తడి గోనెసంచుల వాసన. మా కొట్టు దగ్గర పాత పరుపుల వాసన, అది చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉండేది. జనాలు పదేళ్ళు పడుకున్న బొంతలు విప్పి తెచ్చి మా ముందు పడేస్తే, నాన్న ఆ దూదిని ఏకి మళ్ళీ మేఘంలా చేసి ఇచ్చేవాడు. ఎవరింట్లో పిల్లలు పక్క తడుపుతారో బజారు మొత్తం మీద మా నాన్నకి తెలుసు. ఎవరికీ చెప్పేవాడు కాదు, మా అమ్మకి తప్ప. అమ్మకి చెప్తే సరిపోయేది.

ఇక ఇమ్సిలమ్మ మర ముందు ఆపితే, అసలు అడగక్కర్లేదు. నువ్వులు వేగుతున్న వాసన సందు చివరిదాకా వచ్చేది. లోపలి గదిలో వాళ్ళాయన తాక్ మామయ్య ఎండుమిరపకాయలు మరాడిస్తుంటే, ఆ ఘాటు గోడ దాటి మా దూది మీద పడేది. దాంతో నాన్నకీ ఆయనకీ రోజూ తగువే.

"తాక్, నీ కారం నా దూదిలో కలుస్తోందయ్యా. నిన్న పెళ్ళివారి పరుపు ఇచ్చాను. కొత్త పెళ్ళికొడుకు మంట పుట్టి లేచి పరిగెత్తితే ఏం సమాధానం చెప్పను?"

"మంచిదే కదా అన్నయ్యా, మొదటి రాత్రి నిద్రపోకుండా ఉంటాడు."

ఇలా ఉండేవి వాళ్ళ తగువులు.

ఆ బల్ల సంగతి చెప్పాలి. మా దగ్గర నువ్వులనూనె కొనుక్కునే అలవాటు లేదు. ఎవరి నువ్వులు వాళ్ళే తెచ్చుకుని, కడిగి వార్చి, మర దగ్గర వేయించి, పిండించి, సొంత సీసాల్లో పట్టించుకుని పోవాలి. అంతసేపూ బల్ల మీద కూర్చుని కళ్ళు తిప్పకుండా చూస్తూ ఉండాలి. ఎందుకంటే కళ్ళు తిప్పితే మరవాళ్ళు మార్చేస్తారని అనుమానం. ఇమ్సిలమ్మ ఎన్నడూ గింజ మార్చలేదు, అది అందరికీ తెలుసు. అయినా చూసేవాళ్ళు. చూడకపోతే ఇంటిదగ్గర అత్తగారు ఒప్పుకోదు. మొలకల కొట్టు ఓక్‌బున్ పిన్ని అనేది, "మా ఆయన్ని ఆ సారా కొట్టు ఆవిడ దగ్గర వదిలి వెళ్ళమన్నా వెళ్తానే గానీ, నా నువ్వుల్ని వదిలి దొడ్డికి కూడా పోను" అని. పిండిన తర్వాత మిగిలిన చెక్క కూడా మూట కట్టుకుని పట్టుకుపోయేవాళ్ళు.

ఆ బల్లకి ఒక పద్ధతి ఉండేది. ఎవరూ పెట్టింది కాదు, అందరూ పాటించేది. ఎవరి నువ్వుల గురించి వాళ్ళే మాట్లాడాలి. పక్కావిడ నువ్వులు సన్నగా ఉన్నా, పుచ్చు ఉన్నా, మాడుతున్నా నోరెత్తకూడదు. ఎత్తితే వాళ్ళ పొలాన్నీ, వాళ్ళ అత్తింటినీ తీసి మాట్లాడినట్టు. బల్ల మీద మొగుళ్ళ గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. నువ్వుల గురించి మాత్రం కాదు.

బల్ల మీదవాళ్ళు చూసేది మోసం జరక్కుండా. కానీ వాళ్ళు ఎదురుగా ఉన్న మర వదిలి ఇక్కడికి వచ్చేది మాత్రం ఇమ్సిలమ్మ ముక్కు కోసం. నూనె రుచి అంతా వేపుడులోనే ఉంది. వేపే పీపా మూసి ఉంటుంది, కింద బొగ్గు, పక్కన తిప్పే పిడి. లోపల ఏం జరుగుతుందో కంటికి కనబడదు. కాస్త తక్కువైతే నూనె చప్పగా ఉంటుంది, ఎక్కువైతే చేదు. మధ్యలో ఎక్కడో పట్టుకోవాలి. ఇమ్సిలమ్మ పీపా పక్కన తల వంచి నిలబడి, ముక్కుపుటాలు కొంచెం కదిలిస్తూ పిడి తిప్పేది. మధ్యలో ఎవరైనా "అయిందా ఇమ్సిలమ్మా?" అంటే విరుచుకుపడేది.

"అయితే నేను చెప్పనా? నోరు మూసుకుని కూర్చో. నీ గోలలో గింజల చప్పుడు వినబడటం లేదు."

అత్తగారు చచ్చిపోయే ముందు మర తాళాలు పెద్దకోడలికి ఇచ్చి, వేపుడు పిడి మాత్రం చిన్నకోడలైన ఇమ్సిలమ్మ చేతిలో పెట్టిందట. పెద్దకోడలు తాళాలు నాలుగు రోజులు పట్టుకుని తిరిగి, పిడి తిప్పేవాళ్ళు లేకుండా తాళాలు దేనికని వాటినీ ఇచ్చేసి, మొగుడితో కలిసి చెప్పుల వ్యాపారం పెట్టుకుంది. కాబట్టి ఇమ్సిలమ్మకి ఆ పిడి అంటే మామూలు పిడి కాదు.

నేను మూడో తరగతిలో ఉండగా, బాగా మంచు పడిన ఒక జనవరి పొద్దున ఆ మర తలుపులు తెరుచుకోలేదు. వాళ్ళ పిల్లలిద్దరూ ఆ రాత్రి పెదనాన్న ఇంట్లో పడుకున్నారు, అదృష్టం. నాన్నకి అనుమానం వచ్చి తలుపు కొట్టాడు, పలకలేదు. అప్పుడింక ఆలోచించలేదు, తన్నాడు. నేల వెచ్చగా ఉండటానికి కింద పెట్టే బొగ్గు దిమ్మ గ్యాసు, నేల పగులులోంచి పైకి వచ్చేసింది. ఆ రోజుల్లో చలికాలం వస్తే బజార్లో ఎవరో ఒకరికి ఇది తప్పేది కాదు. ఇద్దరినీ కాళ్ళు పట్టి మంచులోకి ఈడ్చారు. అమ్మ మా ముల్లంగి ఊరేసిన కుండ మూత తీసి, చల్లటి పులుసు గరిటెలతో వాళ్ళ నోట్లో పోసింది. గ్యాసుకి మాకు తెలిసిన మందు అదే. తాక్ మామయ్య వెంటనే దగ్గాడు. ఇమ్సిలమ్మ చాలాసేపు కదల్లేదు. అమ్మ చెంపలు వాయించింది. చివరికి కళ్ళు తెరిచి ఆవిడ అన్న మొదటి మాట, "ఇంత ఉప్పేంటే గిమ్జెమ్మా, ముల్లంగి కుళ్ళిపోతుందనా?"

బతికింది అనుకున్నాం. వారం తిరక్కుండా మర తెరిచింది.

తర్వాత ఎప్పటికో అమ్మకి చెప్పుకుందట. మర తెరిచిన రోజు సొంత ఇంటి నువ్వులే ముందు వేసింది. తిప్పుతోంది, తిప్పుతోంది, వాసన రావట్లేదు. బొగ్గు తడిసిందేమో అనుకుని ఇంకాస్త ఎగదోసింది. లోపల్నుంచి తాక్ మామయ్య పొగ చూసి పరిగెత్తుకొచ్చి "మాడిపోతోందే!" అన్నాడు. పీపా తెరిస్తే బొగ్గుపొడి. ఆవిడ ఆ మాడిన గింజలు దోసిట్లోకి తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుందట. ఏమీ లేదు. అల్లం నలిపి చూసింది, ఎండు చేప పట్టుకుని చూసింది, మొగుడి చెమట చొక్కా కూడా చూసింది.

"అదీ తెలీలేదా?" అని అడిగిందట అమ్మ.

"తెలీలేదే. ఒక్క మేలు జరిగిందంటే అదే."

మామయ్యని పెట్టుకుందామంటే, ఇన్నేళ్ళు కారం మరలో నిలబడినవాడికి ముక్కు ఎక్కడ మిగులుతుంది? ఆయనకి పువ్వూ పేడా ఒకటే. ఎవరికైనా చెప్పిందా, మర్నాడు బల్ల ఖాళీ. ఎదురుగా ఎత్తరుగుల మరాయన దండేసి ఆహ్వానిస్తాడు. పిల్లలు బడికెళ్తున్నారు. అయినా పిల్లల కంటే ముందు ఆవిడకి గుర్తొచ్చింది, అత్తగారు చేతిలో పెట్టిన పిడి. చెప్పకూడదని మొగుడూ పెళ్ళాం అనుకున్నారు.

ఎవరికీ అనుమానం కూడా రాలేదు. ఎందుకంటే లోపల మిరపకాయలు ఆడిస్తుంటే ఆవిడ కూడా మా అందరితో పాటు తుమ్ముతూనే ఉంది. వాసన పోయినా మంట పోదట, ఆ సంగతి మాకెవరికి తెలుసు? తుమ్మే ముక్కు బాగానే ఉంది అనుకున్నాం.

కానీ ఆవిడలో ఒక మార్పు మాత్రం బజారంతా చూసింది. మర్యాద వచ్చింది.

మొదట ఆ మర్యాద దొరికింది ఓక్‌బున్ పిన్నికి. పీపా తిరుగుతుండగా ఇమ్సిలమ్మ మొహం తిప్పి, "వదినా, ఓసారి ఇటు రావూ. మీ ఇంటికి లేతగా కావాలా, ముదురుగా కావాలా?" అంది.

పిన్ని బల్ల మీంచి లేవలేదు. వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా అంటోందేమోనని.

"నన్నేనా? జ్వరమేమైనా వచ్చిందా నీకు?"

"అడగటం కూడా తప్పేనా? నువ్వులు నీవి, నూనె నీది, తినేది నీ మొగుడు. మీ ఇంటి రుచి నాకేం తెలుసు?"

"ఇన్నేళ్ళూ నోరు మూసుకోమన్నావు కదే!"

"ఇప్పుడు తెరవమంటున్నాను. రా, వచ్చి ముక్కు పెట్టు."

పిన్ని వచ్చి పీపా దగ్గర ముక్కు పెట్టింది. "ఇంకా... ఉండు, ఇంకా కాలేదు... ఇంకాస్త... ఆఁ, ఇదిగో, ఇది మా అత్త వంటింటి వాసన." అని, ఒక్క క్షణం ఆలోచించి, "ఛీ, ఆవిడ వాసన నాకెందుకు, ఇంకొంచెం ముందే ఆపాల్సింది. వచ్చేసారి లేతగా ఆపు. పెళ్ళయి ఇన్నేళ్ళకి నాకేం నూనె ఇష్టమో అడిగినదానివి నువ్వే" అంది.

అది బజారంతా పాకింది. అడిగి వేపుతోందట ఇమ్సిలమ్మ! జనం ఎగబడ్డారు. ఒకావిడ పీపా దగ్గర కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టినట్టు నిలబడేది. ఇంకొకావిడ నాలుగుసార్లు ఆపించి, నాలుగుసార్లు తిప్పించేది. ఇమ్సిలమ్మ ఓపిగ్గా "చెప్పు, నువ్వెంతంటే అంత" అనేది. ఎత్తరుగుల మరాయన గుమ్మంలో నిలబడి గడ్డం గోక్కునేవాడు, ఇదేం వ్యాపారం అని. మోసం కనిపెట్టడానికి వచ్చి కూర్చునే ఆడవాళ్ళని ఆవిడ సొంత ముక్కులుగా చేసుకుందని మాకెవరికీ తట్టలేదు. వసంతం, ఎండాకాలం అలా గడిచిపోయాయి.

ఇక ప్యో అత్త వచ్చిన రోజు.

ప్యో అత్తకి వాగు వంతెన పక్కన హోటలు ఉండేది. కంచు గిన్నెలో వేడన్నం, దాని మీద రంగురంగుల కూరలు, పచ్చి గుడ్డు సొన, చివర్న నువ్వులనూనె. ఆ చివరి నూనె కోసమే జనం వచ్చేవాళ్ళు. ఆవిడ పొడుగ్గా, గట్టి గొంతుతో, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల రుమాలు నడుముకి దోపుకుని ఉండేది. బజార్లో అందరూ ఆవిణ్ణి అక్కా అనేవాళ్ళు, ఆవిడ కంటే పెద్దవాళ్ళు కూడా. ఆవిడ నూనె పట్టించిందంటే ఆ మరకి పెద్ద పేరు. ఆ ఏడు చలికాలం నుంచీ ఆవిడ నువ్వులు హోటల్లో వంటమనిషే తెచ్చి, పీపా దగ్గర ముక్కు పెట్టి పోయేది.

చుసొక్, అంటే మా కోతల పండగ ముందు, వాన పడుతోంది. బల్ల నిండా మనుషులు. మా అమ్మ కూడా గిన్నెడు నువ్వులు పెట్టుకుని తన వంతు కోసం కూర్చుంది. నేను అమ్మ పక్కన, వేడి తగులుతుందని. ప్యో అత్త కూలీవాడి చేత పెద్ద బస్తా మోయించుకుని వచ్చింది. ఆవిడకి వరసలో నిలబడటం ఉండదు. ఎవరో లేచి చోటిచ్చారు, కూర్చుంది.

ఇమ్సిలమ్మ మొదటి వాయి పీపాలో పోసి, "అక్కా, ఓసారి ఇటొచ్చి చూస్తావా?" అంది.

"ఏం చూడాలి? ఎన్నేళ్ళుగా వేపుతున్నావు నాకు? నా రకం నీకు తెలీదా?"

"తెలుసక్కా. కొత్త పంట కదా అని."

"వేపడానికి నేనే రావాలంటే నీకెందుకు ఇవ్వటం? తిప్పు. ఇక్కణ్ణుంచే చెప్తాలే."

పీపా తిరిగింది. కాసేపటికి మంచి వాసన లేచింది. ఇమ్సిలమ్మ తల ఎత్తింది. "ఇప్పుడక్కా?"

"ఇంకా."

ఇంకాసేపు. ఆ వాసన బరువెక్కింది. చిన్నదాన్ని, నాకే తెలిసింది. "అక్కా?"

"ఇంకా అన్నానుగా."

ఓక్‌బున్ పిన్ని మా అమ్మ తొడ మీద గిల్లింది. అమ్మ పిన్ని వైపు చూసింది. బల్ల చివరిదాకా అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. హోటల్ నూనె కదా, ఈసారి ముదురుగా కావాలేమో. కాకపోయినా మనకెందుకు? ఎవరి నువ్వులు వాళ్ళవి. గోడకవతల మా నాన్న దూదేకడం ఆపేశాడు, చప్పుడు ఆగిపోవడం విన్నాను. ఆయనక్కూడా వాసన తగిలింది. ఒక్కళ్ళు నోరెత్తలేదు.

పీపా సందుల్లోంచి పొగ వచ్చింది. అప్పుడు ఇమ్సిలమ్మ కళ్ళతో చూసింది. పీపా గబుక్కున ఒంచింది. జల్లెడలో పడ్డవి నువ్వులు కావు, నల్లటి ఇసక.

ప్యో అత్త లేచి నిలబడింది. "ఇదేంటే? ఏంటిది? నీ ముక్కు ఎక్కడ పెట్టుకున్నావే, నెత్తి మీదా?"

ఇమ్సిలమ్మ తప్పించుకోవచ్చు. నువ్వే ఇంకా అన్నావుగా అనొచ్చు. అది నిజం కూడా. ఆవిడ జల్లెడ కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుంది.

"నాకు ముక్కు లేదక్కా."

"ఏంటీ?"

"చలికాలం బొగ్గు గ్యాసు పట్టిందే, అప్పుడు పోయింది. ఏ వాసనా తెలీదు. అప్పట్నుంచీ వీళ్ళ ముక్కులతోనే వేపుతున్నాను."

ప్యో అత్త ఏదో పెద్ద మాట అనడానికి నోరు తెరిచింది. మాట రాలేదు, తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా. తెల్ల రుమాలు తీసి ముక్కు చీదితే, ఆ చప్పుడుకి మా నాన్న గోడవతల ఉలిక్కిపడ్డాడట.

ఓక్‌బున్ పిన్నికి నోరు ఆగదు. "అయ్యో అక్కా, నీ ముక్కు కూడా ఇవాళ సెలవు పెట్టిందే!"

జలుబు చేసింది ఆవిడకి, నిండా. చెప్పుకోలేదు. హోటల్ నడిపే మనిషి ముక్కు పట్టేసిందని బయటికి అంటే, ఆ రోజు వండిన పులుసు ఎవరు నమ్ముతారు? అందుకని బల్ల మీద కూర్చుని, వాసన తెలిసినట్టే ఇంకా, ఇంకా అంటూ కూర్చుంది.

కొందరు నవ్వారు. ప్యో అత్త నవ్వలేదు. "ఇన్ని నెలలు నాకు అబద్ధం వేపావు" అంది ఇమ్సిలమ్మతో.

అప్పుడు మా అమ్మ అంది, నిలబడి కూడా కాదు, కూర్చునే. "ఆవిడొక్కతేనా అక్కా? మాడుతోందని మా అందరికీ తెలుసు. మేం కూడా నోరు మూసుకునే కూర్చున్నాం."

ప్యో అత్త మిగతా బస్తా కూలీవాడి నెత్తికెత్తించి, వానలో సందు దాటి ఎత్తరుగుల మరలోకి వెళ్ళిపోయింది. వెనకాల ఒకళ్ళూ, ఇద్దరూ. సాయంత్రానికి బల్ల మీద మా అమ్మా, ఓక్‌బున్ పిన్నీ మిగిలారు. పండగకి ముందు నాలుగు రోజులూ ఎదుటి మర ముందు వరస రోడ్డు దాకా వెళ్ళింది. ఇమ్సిలమ్మ సొంత బల్ల మీద తనే కూర్చుని దాన్ని చూసేది.

తాక్ మామయ్య మెల్లగా అన్నాడట, "నూనె మానేద్దామే. పిండీ కారం చాలు మనకి."

"మానేస్తే మీ అమ్మ మొహం ఎలా చూస్తాను?"

"అమ్మ పోయి ఎన్నేళ్ళయింది."

"అందుకే అంటున్నా. నేనూ ఎప్పుడో అక్కడికే పోవాలిగా."

పండగ వెళ్ళిన తర్వాత బజారు మామూలుగా తెరిచిన మొదటి పొద్దున, ఇమ్సిలమ్మ గుమ్మంలో నిలబడింది. చేపలవాళ్ళూ, కూరలవాళ్ళూ కేకలేసే వేళ అది. వాళ్ళ కేకల మధ్యలో ఈవిడ గొంతు లేచింది.

"నూనె పట్టబడునమ్మా! నాకు ముక్కు లేదు, మీ ముక్కు మీరే తెచ్చుకోండమ్మా!"

చెప్పుల కొట్టాయన పగలబడి నవ్వాడు. మధ్యాహ్నానికి బజారు పిల్లలందరి నోట అదే కేక. బళ్ళో కూడా "మీ ముక్కు మీరే తెచ్చుకోండమ్మా" అని అరిచి మా తరగతి పిల్లాడొకడు మేష్టారి చేత తన్నులు తిన్నాడు. నవ్వటానికి వచ్చినవాళ్ళు కొందరు బల్ల మీద కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు మర్నాడు నువ్వులు తెచ్చారు. అందరూ తిరిగి రాలేదు. సగం మంది ఎదురుగానే ఉండిపోయారు, వాళ్ళ తప్పేం లేదు, అక్కడ ముక్కున్న మనిషి ఉన్నాడు.

ఆ బల్ల పాత పద్ధతి మాత్రం ఆ రోజుతో పోయింది. పక్కావిడ నువ్వులు వేగుతుంటే బల్లంతా నోరు పెట్టేది. "ఆపేయ్." "అప్పుడేనా?" "నీకేం తెలుసే, మీ ఇంట్లో అన్నీ పచ్చివే తింటారు." "మా ఇంటి సంగతి నీకెందుకు, నీ నువ్వుల్లో రాళ్ళేరుకో." పోట్లాటలు, జుట్లు పట్టుకోవడం దాకా. వాటన్నిటి మధ్య ఇమ్సిలమ్మ పిడి పట్టుకుని, ఎవరి గొంతు గట్టిగా ఉంటే వాళ్ళ వైపు చూస్తూ, "తేల్చండి తల్లీ, చెయ్యి నొప్పెడుతోంది" అనేది. నాన్న గోడ మీద చెవి పెట్టి వినేవాడు. దూది పని సగం తగ్గింది ఆ దెబ్బకి.

కొత్త సంవత్సరం దగ్గరపడుతుండగా ప్యో అత్త మళ్ళీ వచ్చింది. చెప్పాపెట్టకుండా, బస్తా తనే మోసుకుని. ఎదుటి మరాయన ఎవర్నీ మాట్లాడనిచ్చే రకం కాదు, తన రుచి తనదే. హోటల్లో రోజూ తినే లారీ డ్రైవరు ఒకడు గిన్నె వాసన చూసి "ఇవాళ నూనె వెయ్యలేదా అత్తా?" అన్నాడట. ఆవిడ ఇమ్సిలమ్మతో మాట్లాడలేదు. బల్ల మీద కూర్చుని, రుమాలు తీసి, ముక్కు బాగున్నదని నలుగురికీ చూపించడానికన్నట్టు ఒకసారి గాలి పీల్చింది. పీపా తిరిగింది. వాసన లేచింది. "ఆపు" అంది. ఇమ్సిలమ్మ ఆపింది. నూనె సీసాలకెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు వాళ్ళిద్దరి మధ్యా ఆ మర దగ్గర నడిచిన సంభాషణ అదొక్క మాటే. మాటలు మళ్ళీ ఎప్పుడు కలిశాయో నాకు గుర్తులేదు, నేను పెళ్ళిచేసుకుని మళ్ళీ మా కొట్టుకే వచ్చేసరికి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు, అంటే కలిసినట్టే.

అప్పటికి బొగ్గు పోయి గ్యాసు పొయ్యి వచ్చింది, పీపా తిప్పడానికి మోటారు వచ్చింది. తాక్ మామయ్య పోయాడు. నాన్న పోయాడు. దూదేకించుకునేవాళ్ళు తగ్గిపోయి నేను రెడీమేడ్ బొంతలు అమ్ముతున్నాను. ఇమ్సిలమ్మ నడుము వంగింది గానీ మర మూయలేదు. ఆవిడ కూతురు మందుల షాపులో పనిచేసేది. గ్వాంజులో ఒక ముక్కు డాక్టరున్నాడట, ఎన్నేళ్ళ కిందట పోయినా కొందరికి కొంచెం కొంచెం వస్తోందట అని కనుక్కుంది. వెంటబడి, పోరుపెట్టి, రోజు ఖాయం చేయించింది.

ఆ పొద్దున ఇమ్సిలమ్మ ఉన్నిబట్ట కోటు వేసుకుని, చేతిసంచీ పట్టుకుని, మర తలుపులకి తాళం వేసి సందులోకి వచ్చింది. నా కొట్టు ముందు ఆగి, "మల్‌సున్, వచ్చేసరికి నీ బొంతల వాసన చెప్తాను చూడు" అంది. నేను నవ్వుతున్నాను. అప్పుడు చూశాం ఇద్దరం. తాళం వేసిన మర ముందు, బల్ల మీద ప్యో అత్త. పక్కన చిన్న మూట. హోటలు కొడుక్కి అప్పగించేసిన తర్వాత ఆవిడ ఇంటికి సరిపడా నువ్వులే తెచ్చుకునేది.

"ఎక్కడికే ఈ వేషం?"

"గ్వాంజుకి. ముక్కు డాక్టర్ దగ్గరికి."

ప్యో అత్త మూట ముడి సరిచేసింది.

"ముక్కొస్తే ఇక్కడ నేనేం చెయ్యాలి?" అంది.

"నోరు మూసుకుని కూర్చోవాలి, పాతరోజుల్లోలాగ."

"అయితే పోయిరా." లేచింది, మూట చంకలో పెట్టుకుంది. మోకాలు పట్టేసినట్టుంది, బల్ల పట్టుకుని రెండోసారి ప్రయత్నించి లేచింది.

ఇమ్సిలమ్మ బస్టాండు వైపు చూసింది. తర్వాత ఆ మూట వైపు చూసింది. "ఎన్ని ఉన్నాయి?"

"గిన్నెడు. ఒక్క వాయి."

"ఒక్క వాయేగా. తర్వాత బస్సుకి పోతాలే." కోటు విప్పి నాకిచ్చి, తాళం తీసింది. పొయ్యి వెలిగించింది. ప్యో అత్త మళ్ళీ కూర్చుని, "కొత్త పంట ఇది, తొందరపడకు" అంది. అంతలోకే ఓక్‌బున్ పిన్ని కోడలు తన గిన్నె పట్టుకుని వచ్చింది, మర తెరిచి ఉంది కదా అని. ఆ వెనకాల ఇంకెవరో.

కోటు నా కొట్టులోనే సాయంత్రం దాకా బొంతల మీద ఉంది. చీకటి పడుతుంటే వచ్చి తీసుకుంటూ, "వచ్చేవారం వెళ్తానే, కూతురికి చెప్పకు" అంది.